ఏడ్రియాటిక్ తీరమున ఒక పూట : మూడు దీవులు, ఒక గుహ

పరదేశ యాత్ర యన్నంతనే మన సోదరీమణులలో పెక్కురకు తోచునవి గోపురములు, వస్తుప్రదర్శనశాలలు, అంగళ్ల వీధులు. నీటిపై గడపెడి పూటను యాత్రలో నొక భాగముగా నెంచువారు తక్కువ. నీరనిన మనకు భక్తియు కలదు, భయమును కలదు. పుష్కరములకు పోయి మూడు మునకలు వేసి, మెట్టెక్కి ఊపిరి పీల్చుకొనుటయే మనలో చాలమందికి నదితో గల పరిచయము. అట్టి మనము చిన్న మోటారు పడవలో కూర్చుండి, సముద్రముపై వేగముగా పోయి, ఒక పూటలో మూడు దీవులను చూచి రావచ్చునా? రావచ్చును. అయితే పోవుటకు ముందు తెలిసికొనదగిన సంగతులు కొన్ని కలవు. పోయి వచ్చిన పిమ్మట ఆలోచింపదగిన సంగతి యొకటి కలదు. ఈ రెంటిని గూర్చియే మేము వ్రాయుచున్నాము.

ఐరోపా ఖండమున ఇటలీ దేశమునకు తూర్పున, క్రొయేషియా మొదలగు దేశములకు పడమట, భూమిలోనికి పొడుగుగా చొచ్చుకొని వచ్చిన సముద్రశాఖకు ఏడ్రియాటిక్ సముద్రమని పేరు. క్రొయేషియావారు దానిని యాద్రాన్ అందురు. ఆ దేశపు తీరమున పిన్నవి పెద్దవి కలిపి వేయికి మించిన దీవులును తిప్పలును ఉన్నవి. వానిలో జనులు కాపురముండునవి ఏబదికి అటునిటు మాత్రమే. ఇవి తీరమునకు సమాంతరముగా బారులు తీర్చినట్లుండును. దానికి కారణము కలదు. అవి యొకప్పుడు కొండల వరుసలు. వేల యేండ్ల క్రిందట మంచుయుగము ముగిసి, పేరుకొనిన మంచు కరగి, సముద్రమట్టము నూఱు మీటరులకు పైగా పెరిగినప్పుడు లోయలు మునిగిపోయినవి. శిఖరములు మాత్రము నీటిపై నిలిచినవి. కనుక దీవి యని మనము కాలు మోపునది నిజమునకు ఒక కొండ తల.

రెక్కలుగల పర్వతములు ఇంద్రునికి వెఱచి సముద్రమున దాగినవను కథను చిన్ననాడు విన్న మాకు ఆ దీవుల నడుమ పోవుచుండగా మైనాకుడు జ్ఞాపకమునకు వచ్చెను. హనుమంతుడు లంకకు పోవుచు, విశ్రమింపుమని వేడిన మైనాకుని చేతితో తాకి, మర్యాద తీర్చి, ఆగకయే సాగిపోయెను గదా! ఒక పూటలో మూడు దీవులు చూచు యాత్రయు నట్టిదే. తాకి పోవుటయే గాని నిలుచుట కాదు. ఆ సంగతి ముందుగనే యెఱిగి పోయినవారికి నిరాశ యుండదు.

మా మరిది జర్మనీ దేశమున ఉద్యోగము చేయుచున్నాడు. మొన్న మా వారి పాఠశాలకు వేసవి సెలవులిచ్చినప్పుడు మేమిరువురము వారింటికి పోయి, అచ్చటినుండి మరిదితోను, తోడికోడలితోను, వారి పదునొకండేండ్ల కూతురితోను కలిసి క్రొయేషియా దేశపు దక్షిణపు కొసనున్న డుబ్రోవ్నిక్ నగరమునకు పోయితిమి. 2023 జనవరి 1 నుండి క్రొయేషియాయు షెంగెన్ కూటమిలో చేరినది. ఆనాటినుండియే అచ్చట యూరో నాణెమును చెల్లుచున్నది. కావున జర్మనీనుండి పోవువారికి వేఱొక వీసా గాని, వేఱొక నాణెము గాని అక్కఱలేదు.

డుబ్రోవ్నిక్ నగరమును సముద్రమునుండి చూచినవారికే దాని రూపు తెలియును. సుమారు రెండు కిలోమీటరుల రాతి ప్రాకారము నగరమును చుట్టివచ్చి, ఒక వైపున తిన్నగా కెరటములలోనికి దిగును. పూర్వము దీనికి రగూసా యని పేరు. 1358 మొదలు 1808 వరకు ఇది పెద్ద రాజ్యములకు కప్పము కట్టుచు, లోపల తన పాలన తానే చేసికొనిన వర్తక గణరాజ్యము. అంటురోగములున్న చోట్లనుండి వచ్చినవారిని కొన్నాళ్లు వెలుపల నుంచవలెనని 1377లోనే శాసనము చేసినది. మనుష్యులను అమ్ముట కొనుట కూడదని 1416లో కట్టడి చేసినది. 1667 నాటి భూకంపమునకు కూలి మరల లేచినది. 1991 డిసెంబరు 6న ఫిరంగిగుండ్లకు గురియై మరల కప్పులు వేసికొన్నది. ఇండ్లపై కొన్ని పెంకులు ముదురు రంగున, కొన్ని క్రొత్త యెఱుపున నుండుటకు కారణమదియే.

ఈ నగరమునకు వాయవ్యముగా ఎలఫీతి దీవులున్నవి. లేడి యను అర్థముగల గ్రీకు పదమునుండి ఆ పేరు వచ్చినదందురు. వానిలో కొలోచెప్, లోపుద్, షిపాన్ అను మూటియందే జనులున్నారు. మూడు దీవులలో నుండువారిని కలిపినను వేయిమందికి లోపే. వేగపు మోటారు పడవ వారు ఈ మూటిని నాలుగు గంటలలో చూపి తెత్తురు.

ఇక ముందుగా తెలిసికొనదగినవి చెప్పెదము.

ఉదయపు పూటనే యెన్నుకొనవలెను. ఆ తీరమున వేసవినాడు వాయవ్యమునుండి మాయెస్త్రాల్ అను గాలి వచ్చును. అది ప్రొద్దెక్కిన కొలది లేచి, మధ్యాహ్నమునకు బలపడి, సాయంకాలమునకు అణగును. అది చల్లని గాలియే, నావికులకు ఇష్టమైనదే. కాని చిన్న పడవకు ఆ చిన్న కెరటములే ఎగుడుదిగుడు బాటయగును. ఆగ్నేయమునుండి వచ్చు యూగో గాలి మబ్బును పెద్ద కెరటములను తెచ్చును. ఈశాన్యపు కొండలనుండి దిగు బూరా గాలి అకస్మాత్తుగా విరుచుకొనిపడును. ఆ రెండు గాలులలో దేని సూచన యున్నను సరంగు పోనన్నచో అతనితో వాదింపరాదు, సంతోషింపవలెను.

ఈ పడవ గంటకు 40, 50 కిలోమీటరుల వేగమున పోవునప్పుడు దాని ముక్కు పైకి లేచి, ప్రతి కెరటముపైనను దెబ్బకొట్టినట్లు దిగును. ఆ అదురు కూర్చున్నవారి నడుమునకు తగులును. కనుక గర్భవతులును, వెన్నునొప్పి కలవారును, చంటిబిడ్డల తల్లులును ఈ పడవనెక్కరాదు. వారికొఱకు అవే దీవులకు నెమ్మదిగా పోవు పెద్ద నావలున్నవి. ఎక్కువారు ముందరి వరుసను పిల్లల ఉత్సాహమునకు వదలి, వెనుక వరుసను కోరుకొనవలెను. అచ్చట అదురు తక్కువ. చిన్న పడవలలో మరుగుదొడ్డి యుండదు. ఈ మాట ఎవరును ముందుగా చెప్పరు; స్త్రీలమైన మనకు తెలియుట అవసరము. దీవులలో దిగినప్పుడే ఆ యేర్పాటు చూచుకొనవలెను.

చీర కట్టుకొని పోరాదా యని మీరడుగుదురు. తడిసిన చీర కాళ్లకు చుట్టుకొనును; పడవనుండి రాతిగట్టుపైకి అడుగు వేయునప్పుడు అది ప్రమాదము. పంజాబీ దుస్తులు మేలు. ఓణీని నడుమునకు బిగించవలెను. నగలు బసలోనే వదలవలెను. జారని రబ్బరు చెప్పులు వలయును. ఆ తీరమున రాళ్లనంటి ముండ్ల ఉండలవంటి జీవులుండును, త్రొక్కినచో ముల్లు విఱిగి పాదముననే నిలుచును. వేవిళ్లవంటి వికారము కలుగువారు క్రొత్తగా కడుపు నింపుకొనక, నోట అల్లపు ముక్క నుంచుకొని, దూరపు తీరమును చూచుచు కూర్చుండవలెను. అన్నింటికన్న ముఖ్యము లైఫ్ జాకెట్టు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద విహారపు పడవ మునిగిన దుర్ఘటనను మనవారు మరచియుండరు. జాకెట్టు బల్లక్రింద నున్నదన్న చాలదు. మన యొంటికి సరిపోవునది తీయించి, కట్టుకొని, బిగించిన పిమ్మటనే పడవ కదలవలెను. చెప్పుటకు మొగమాటపడరాదు.

ఇక మేము పోయిన విధము. ఉదయము తొమ్మిది గంటలకు పడవ కదలినది. మేమైదుగురము, వేఱు దేశములవారు నలుగురు, సరంగు. రేవు దాటువరకు పడవ బాతువలె మెల్లగా పోయినది. వెలుపలికి రాగానే గుఱ్ఱమైనది. తోడికోడలు మా చేయి గట్టిగా పట్టుకొన్నది. కొంతసేపటికి మా చేతులలో నెవరి చేయి ఎవరికి ధైర్యము చెప్పుచున్నదో తెలియలేదు.

ఆ నీటిని గూర్చి చెప్పవలెను. మన గోదావరి, కృష్ణ సముద్రమున కలియు చోట్ల నీరు మట్టిరంగున నుండును; నదులు ఒండ్రు తెచ్చి పోయుటయే దానికి కారణము. ఈ తీరమంతయు సున్నపురాయి. వాననీరు రాతిపై పారక, బీటలలోనికి ఇంకి, భూమిక్రింద నడచి సముద్రమును చేరును. ఒండ్రు తెచ్చు పెద్ద నదులు తక్కువ. అందుచేత పది నిలువుల లోతునను అడుగురాళ్లు కనబడును. ఆ ఇంకిన నీరే రాతిని కరగించి గుహలను తొలచును.

కొలోచెప్ దీవికి బయటి వైపున, కొండచరియ నిట్టనిలువుగా నీటిలో దిగిన చోట, అట్టి గుహ యొకటి యున్నది. నీలిగుహ యని దానికి పేరు. వెలుపలినుండి చూచువారికి అది చిన్న నల్లని కన్నము. పడవ లోనికి పోదు. లోనికి పోవలెనన్న నీట దిగి ఈదవలయును. సరంగు యంత్రమునాపి, “ఈత వచ్చినవారు రండు” అనెను.

విదేశీయులు నలుగురు దిగిరి. వారిలో అరువది దాటిన ముసలామెయు నున్నది. మరిది దిగెను. మా వారును దిగిరి. వారు చిన్ననాడు ఊరి కాలువలో వంతెనపైనుండి దూకి, ఎవరును నేర్పకయే ఈత నేర్చినవారు. మరిది కూతురు జాకెట్టు సవరించుకొని, తండ్రి వెంట చేపపిల్లవలె జారిపోయినది. జర్మనీలో ప్రాథమిక పాఠశాలలోనే పిల్లలకు, ఆడ మగ భేదము లేక, ఈత నేర్పుదురు. నీట దూకి, 25 మీటరులు ఈది, భుజములంత లోతునుండి ఒక వస్తువును తీసి చూపిన పిల్లలకు సముద్రపు గుఱ్ఱపు బొమ్మగల బిళ్ల నిత్తురు. ఆ బిళ్లను ఈ పిల్ల తన ఈత దుస్తులకు కుట్టించుకొన్నది.

పడవలో మిగిలినది మేమును తోడికోడలును. ఇరువురమును కాలువగట్టున పుట్టి పెరిగినవారమే. మా వారు దూకిన కాలువ వంటి కాలువయే మా పుట్టినింటి ముందరను కలదు. ఆ రేవుననే మేము బట్టలుతికితిమి, బిందెలు ముంచితిమి, కార్తికమాసమున దీపములు వదలితిమి. మెట్టుపైనుండి దూకిన మగపిల్లలకు ఈత వచ్చినది; మెట్టుపైననే నిలిచిన ఆడపిల్లలకు రాలేదు. ఇంతకు మించిన కారణము లేదు. ఇరువురమును ఒకరి మొగము నొకరము చూచుకొంటిమి. తోడికోడలు నవ్వి, “అక్కా, మనకు చీరలు కాపలా” అన్నది. అచ్చట చీరలైనను లేవు. మేము నవ్వితిమి గాని, ఆ నవ్వు గొంతు దిగలేదు.

పావుగంటకు పిల్ల తిరిగివచ్చి, పడవ అంచు పట్టుకొని ఊగుచు, “పెద్దమ్మా! లోపల నీళ్లు వెలుగుతున్నాయి. నా చేతులు కూడా నీలంగా అయిపోయాయి. మీరూ వచ్చి ఉంటే!” అన్నది. ఆ వెలుగునకు కారణమును మా వారు వివరించిరి. సూర్యకాంతి గుహలోనికి నీటి క్రిందుగా ప్రవేశించును. నీరు ఎఱుపును మ్రింగి నీలమును విడుచును. తెల్లని అడుగు ఆ నీలమును పైకి విసరును. అందుచేత నీరే దీపమైనట్లుండును. కారణము మాకు తెలిసినది. వెలుగు మాత్రము పిల్ల కన్నులలో చూచితిమి.

తరువాత లోపుద్ దీవి. ఈ దీవిలో కారులు తిరుగవు. దీవికి ఆగ్నేయపు వైపున షూన్య్ అను ఇసుకతీరము కలదు. ఆ దేశపు తీరమున రాయియు గులకయు మెండు, ఇసుక అరుదు. కనుక దీనికి పేరు. ఇచ్చట లోతు మెల్లమెల్లగా పెరుగును; చాల దూరము నడచినను నడుము దాటదు. ఇచ్చట మేమును దిగితిమి. పిల్ల తన రెండు చేతులను మా వీపుక్రింద నుంచి, “పెద్దమ్మా, ఊపిరి బిగబట్టకు. తల వెనక్కు వాల్చు. నేనున్నాగా” యనుచు తేలుట నేర్పినది. ముప్పది దాటిన మేము పదునొకండేండ్ల గురువునకు లోబడితిమి. చెవులు నీటిలో మునిగినవి. లోకపు సద్దు అణగినది. ఆకాశము తప్ప మఱేమియు కనబడలేదు. పది యంకెలు లెక్కించునంతసేపు మేము తేలితిమి. పిల్ల చేతులు తీసివేసియున్నదని తరువాత తెలిసినది.

లోపుద్ దీవిలో 16వ శతాబ్దమున మీహో ప్రత్సాత్ అను ఓడవర్తకుడుండెను. సముద్రమున సర్వస్వము పోగొట్టుకొని దిగులుతో కూర్చున్నప్పుడు, ఒక తొండ గోడ నెక్కబోయి పడుచు, మరల నెక్కుచు, తుదకు ఎక్కుటను చూచి, మరల ఓడనెక్కెనని అచ్చటివారు చెప్పుకొందురు. కథ యెట్లున్నను, అతడు 1607లో మరణించునాటికి గడించిన ధనమును గణరాజ్యమునకు వ్రాసియిచ్చుట నిజము. రగూసావారు వ్యక్తిపూజకు వెఱచి ఎవరికిని విగ్రహము లెత్తనివారు. అట్టివారు 1638లో తమ పాలనామందిరపు ముంగిట ఈ దీవివాని ప్రతిమను నిలిపిరి. అది నేటికిని డుబ్రోవ్నిక్‌లో నున్నది.

షిపాన్ ఈ మూటిలో పెద్దది. కొనలందు రెండు రేవు గ్రామములు, నడుమ ఓలివు చెట్లు, ద్రాక్షతీగలుగల మైదానము. సుజురజ్ రేవున స్కోచిబూహా యను ఓడయజమానుల వేసవి మేడయు, సముద్రపు దొంగలను కనిపెట్టుటకు కట్టిన బురుజును 16వ శతాబ్దమునాటివి. అచ్చటి పూటకూటింట చేపలే ప్రధానము. అయినను శాకాహారులు పస్తుండ నక్కఱలేదు. బ్లిట్వా యను ఆకుకూరను బంగాళాదుంపలతో, వెల్లుల్లితో, ఓలివునూనెలో వండి రొట్టెతో పెట్టుదురు. మా తోడికోడలు దానిని తిని, ఇంత మిరపకాయ తాలింపు పడినచో మన కూరయే యనినది.

ఒక మాట అతిథిధర్మమును గూర్చి. ఆ సముద్రపు అడుగున మూరెడు పైగా పెరిగి నిలువుగా నిలుచు పెద్ద ఆల్చిప్ప యొకటి యుండెడిది. 2016లో స్పెయిన్ తీరమున కనబడిన ఒక పరాన్నజీవి వలన అది వరుసగా నశించుచు వచ్చి, 2019లో ఏడ్రియాటిక్ తీరమునను చావనారంభించినది. నేడది అంతరించు ప్రమాదమున నున్నది. సముద్రపు పచ్చికపై లంగరు వేసినను ఆ పచ్చిక చీలి, మరల మొలచుటకు ఏండ్లు పట్టును. కనుక గవ్వలు ఏఱుకొని తేరాదు. పచ్చికపై లంగరు వేయింపరాదు. మైనాకుని హనుమంతుడు తాకెనే గాని, రాయి ఊడబెఱుకలేదు గదా.

ఒంటిగంటకు రేవు చేరితిమి. ఇక ఆలోచింపదగిన సంగతి. మన కావ్యములకు పదునెనిమిది వర్ణనములు విధించిన పెద్దలు జలక్రీడను అందొకటిగా చేర్చిరి. ఏ ప్రబంధమును తెఱచినను స్త్రీలు కొలకులలో ఈదుదురు, మునుగుదురు, ఒకరిపై నొకరు నీరు చల్లుకొందురు. ఆ పద్యములను రాగముతో చదువుదుము, అర్థము చెప్పించుకొందుము. కాని మన పిల్ల కాలువమెట్టున ఇంకొక మెట్టు దిగినచో కేకవేసి వెనుకకు లాగుదుము. కావ్యములోని స్త్రీకి తగినది ఇంటిలోని పిల్లకు తగకపోవుటేమి?

ఇది వేడుక మాట మాత్రమే కాదు. 2021లో లోకమున సుమారు మూడు లక్షలమంది నీట మునిగి మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కకట్టినది. కాలువలు, చెఱువులు, ఏఱులు గల మన సీమలో ఈ లెక్కకు అర్థము చెప్ప నక్కఱలేదు. ఈత తెలియుట ఆడపిల్లకు అలంకారము కాదు. అది ఆమె ప్రాణమునకు కాపు.

వయసు మీఱినదందురా? హైదరాబాదు వనిత గోలి శ్యామల నడివయసున ఈత నేర్చి, 2021 మార్చిలో, శ్రీలంకకును మన దేశమునకును నడుమనున్న పాక్ జలసంధిని ఈదెను. హనుమంతుడు దాటిన ఆ దారినే ఒక తెలుగు స్త్రీ తన రెండు చేతులతో దాటినది. మనకు అంత దూరము అక్కఱలేదు. పట్టణములందు స్త్రీలకని వేఱు వేళలుంచిన ఈతకొలనులున్నవి. అవి లేని చోట నలుగురు తల్లులు కలిసి అడిగినచో ఏర్పడును. పల్లెలందు ఈత యెఱిగిన పెద్దలు ప్రతి వీధిని ఉన్నారు. నడుములోతు నీరు, నడుమునకు త్రాడు, ప్రక్కన ఒక తెలిసిన చేయి. ఆరంభమునకు ఇవి చాలును.

ఏడ్రియాటిక్ తీరమునకు పోగలవారు పోయిరండు. ఉదయపు పూటను, వెనుక వరుసను, సరియగు జాకెట్టును మరువకుడు. పోలేనివారు చింతింప నక్కఱలేదు. అచ్చటికి పోయినను పోకున్నను, ఈ వేసవిలో మీ ఇంటి ఆడపిల్లకు ఈత నేర్పింపుడు. వీలైనచో మీరును ఆమెతోకూడ ఒక మెట్టు దిగుడు.